అద్దాల గదిలో సాలెం సాబ్

వంటింట్లో రేడియో పెట్టుకుని పోపు వేయడం నాకు అలవాటు. జర్మన్ వార్తలు సగం చెవిన పడతాయి, సగం ఆవాల చిటపటలో కొట్టుకుపోతాయి. మొన్న ఆదివారం పొద్దున కూడా అంతే. ఇజ్రాయెల్, పాలస్తీనా గురించే వార్త. కైరోలో కొన్నాళ్లు, దోహాలో కొన్నాళ్లు జరుగుతూ ఆగుతూ ఉన్న చర్చల గురించి ఏదో చెబుతున్నారు. మధ్యలో ఒకాయన అరబిక్‌లో మాట్లాడాడు. రెండే రెండు మాటలు వినిపించాయి, అంతలో ఆయన గొంతు తగ్గించేసి దాని మీద జర్మన్ గొంతు ఒకటి పెట్టారు. కింద ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏదో అడుగుతున్నాడు, గొంతు పెరుగుతోంది. పైనున్న జర్మన్ ఆయన మాత్రం రేపు వాన పడుతుందని చెప్పినంత నింపాదిగా చెప్పుకుపోతున్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్మింది. నా కూతురు ముక్కు మూసుకుని "వాస్ ఇస్ట్ లోస్, అమ్మా?" అని, ఏమైందంటూ పరుగెత్తుకొచ్చింది. ఏం లేదు పో అన్నాను. ఎందుకు లేదు? ఆ మనిషి గొంతును అలా నొక్కేయడం సాలెం సాబ్ వినుంటే రేడియోను కిటికీలోంచి విసిరేసేవారు.

సాలెం సాబ్ హైదరాబాదులోని బార్కస్ మనిషి. నిజాం ఫౌజులో కొలువు కోసం ఎప్పుడో యెమెన్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన అరబ్బుల సంతతి. ఇంట్లో అరబిక్, వీధిలో ఉర్దూ, జామతోటల్లో తెలుగు. వాళ్ల నాన్నది జామపండ్ల వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గంపలెత్తుకొచ్చే ఆడవాళ్లకీ, తెలుగు ఒక్క ముక్క రాని తాతకీ మధ్య బేరం మాట్లాడి పెట్టడం ఈయన చిన్నప్పటి పని. "ఒక్క అణా అటుఇటు చెప్పినా రెండు దిక్కుల నుంచి తిట్లు పడేవి బిడ్డా. గట్ల నేర్చిన తర్జుమా" అనేవారు. ఇంజనీరింగ్ చదువుదామని పడుచుతనంలో జర్మనీ వచ్చారు. ఆ చదువు పూర్తి కాలేదు. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, విదేశీయుల కార్యాలయంలో అరబ్బులకు మాట సాయం చేస్తూ చేస్తూ చివరికి పెద్ద పెద్ద సమావేశాల్లో అనువాదకుడయ్యారు. నేను చూసేనాటికి అరవై అయిదు దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. గొంతు మాత్రం పాతికేళ్ల కుర్రాడిది.

నాది జగిత్యాల. కొలోన్‌లో మాస్టర్స్ చదువుతూ, మీటె, అంటే ఇంటద్దె, కట్టడానికి ఒక సౌండ్ కంపెనీలో మినీజాబ్ అనే చిన్న పార్ట్‌టైం పని చేసేదాన్ని. మైకులు అమర్చడం, హెడ్‌ఫోన్లు పంచడం, అనువాదకులు కూర్చునే అద్దాల గది బిగించడం, ఏ భాష ఏ చెవికి వెళ్లాలో మీటల పెట్టె ముందు కూర్చుని చూసుకోవడం నా పని. మొదటిసారి కొలోన్‌కు గంట దూరంలో, రైన్ నది పక్క కొండ మీదున్న ఒక అతిథిగృహానికి పంపారు. నేల మీద మోకాళ్లేసి కూర్చుని చిక్కు పడిన తీగలు విప్పుకుంటూ "ఈ వైర్లు పాడుగాను, వీటి మొహం మండ" అని తిట్టుకుంటున్నాను. వెనకనుంచి మాట వినిపించింది.

"గట్ల తిట్టకు బిడ్డా. సాయంత్రం దాక వాటితోనే పని."

ఉలిక్కిపడి తిరిగి చూస్తే అద్దాల గదిలో తెల్లగడ్డం పెద్దమనిషి పెరుగన్నం డబ్బా మూత తీసుకుంటున్నారు. ఆ కొండ మీద, ఆ చలిలో, పెరుగన్నం! సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం చెంచా నా వైపు చూపించి "తింటవా? మైకు ముంగట కూసుండేటోడు మసాలా తినొద్దు. తేన్పు వచ్చిందనుకో, ఇజ్రాయెలోడి తేన్పా, పాలస్తీనోడి తేన్పా అని లొల్లి అయితది" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాకు సాబ్, నేను ఆయనకు బిడ్డ.

ఆ అతిథిగృహంలో సమావేశాలు పెట్టేది హెర్ క్రామర్, అంటే క్రామర్ గారు, అనే రిటైరైన దౌత్యాధికారి. ఇజ్రాయెల్ నుంచి కొందరినీ, పాలస్తీనా నుంచి కొందరినీ, ఒక్కోసారి జోర్డాన్, ఈజిప్టుల నుంచి ఒకరిద్దరినీ పిలిచేవారు. అందరూ ఒకప్పుడు పదవుల్లో ఉండి దిగిపోయినవాళ్లే. విలేకరులుండరు, ఫోటోలుండవు. ప్రభుత్వాలు ఎదురుపడి మాట్లాడుకోలేనివి వీళ్లు మాట్లాడుకుని, కుదిరిన మాటను తమ తమ ఊళ్లలో వినాల్సినవాళ్ల చెవిన వేస్తారు. వేలల్లో ఒకటి పనిచేస్తుంది. అయినా హెర్ క్రామర్ విసుగులేకుండా పెట్టేవారు. ఎక్కువమంది ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. అరబిక్‌లో మాట్లాడేవాళ్ల మాటను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు మాటను అరబిక్‌లోకి మార్చే పని సాలెం సాబ్‌దీ, ఆయనతో వంతులవారీగా కూర్చునే మరొకావిడదీ.

అనువాదకుడు "ఆయన అంటున్నాడు" అనడని నేను మొదట నేర్చుకున్నది అక్కడే. ఎవరి మాట చెబితే వాళ్లే అయిపోయి "నేను" అంటాడు. ఒకరోజు పొద్దున సాలెం సాబ్ అరబిక్‌లో "నేను పదేళ్లు సైన్యంలో పనిచేశాను, రాకెట్లు పడుతుంటే నా పిల్లలను నేలమాళిగలో పడుకోబెట్టాను" అన్నారు. అది ఒక ఇజ్రాయెల్ ఆయన మాట. గంట తిరక్కుండా ఇంగ్లీషులో "నేను నా తోటను గోడకు అటువైపు వదులుకున్నాను" అన్నారు. అది పాలస్తీనా ఆయన మాట. రెండింటికీ అదే గొంతు, అదే బాధ. టీ విరామంలో ఉండబట్టలేక అడిగేశాను.

"సాబ్, ఏమనుకోకండి. మీరు ముస్లిం కదా. ఇజ్రాయెల్ వాళ్ల మాట 'నేను' అని చెప్పాలంటే మీకు మనసొప్పుతుందా?"

ఆయన నవ్వారు. "ఒప్పకపోతే ఇంటికి పోయినంక నా భార్యతోని కొట్లాడుత. అద్దాల గదిలకు నా మనసును తీసుకపోను. వాళ్లు నా అభిప్రాయం కోసం ఇంత దూరం రాలే బిడ్డా. అవుతలోడు ఏమన్నడో తెల్సుకోనీకి వచ్చిన్రు."

ఇంత వివరంగా చెప్పిన మనిషి దగ్గర మూడేళ్లు పనిచేసి కూడా నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు.

అది చలికాలం. మూడు రోజుల సమావేశం. విషయం ఒక్కటే: గాజాలో జబ్బుపడిన పిల్లలను వైద్యానికి బయటి ఆసుపత్రులకు పంపడం. దానికి సరిహద్దు దాటే అనుమతి కాగితం కావాలి. ఆ కాగితాలు రోజుల తరబడి ఆగిపోతున్నాయి. మూడో రోజు సాయంత్రానికి ఒక్క పేజీ తయారవ్వాలి. ఒక బిడ్డ కాగితం ఎన్ని రోజుల్లో కదలాలి, కదలకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇజ్రాయెల్ దారి మూసుకుంటే జోర్డాన్‌లో ఏ ఆసుపత్రి తీసుకుంటుంది అనేవి అందులో ఉండాలి. ఆ పేజీ మీద రెండు వైపులా తల ఊపితే హెర్ క్రామర్ దాన్ని పట్టుకుని అధికారుల చుట్టూ తిరుగుతారు. లేకపోతే అందరూ వచ్చింది దండగ, పిల్లలు ఎక్కడున్నవాళ్లు అక్కడే.

పాలస్తీనా వైపు ముఖ్యుడు డాక్టర్ నబీల్, పిల్లల గుండె వైద్యుడు. ఇజ్రాయెల్ వైపు రూత్ గారు. ఆ అనుమతి కాగితాలు చూసే ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పంపిన కాగితాల మీద ఈమె సంతకాలు చేసేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

రెండో రోజు పొద్దున్నే నేను వంటింట్లో కాఫీ మిషను దగ్గర నిలబడి ఉంటే రూత్ గారు వచ్చారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. కమలాపండు ఒలుస్తూ ఏ ఊరమ్మా, అమ్మానాన్నా ఏం చేస్తారు అని అడిగారు. మాటల్లో తన చెల్లెలి కొడుకు సంగతి చెప్పారు. పందొమ్మిదేళ్లవాడు, బస్సులో బాంబు పేలి పోయాడట. ఆ రోజు నుంచి చెల్లెలు బస్సెక్కలేదట. చెబుతూ చెబుతూనే సగం పండు నా చేతిలో పెట్టి తినేదాకా ఊరుకోలేదు. అచ్చం మా పెద్దమ్మే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ మధ్యాహ్నం డాక్టర్ నబీల్ ఇంగ్లీషులో లెక్కలు చెబుతున్నారు. ఎన్ని కాగితాలు పంపాం, ఎన్ని వచ్చాయి, ఎన్నాళ్లకు వచ్చాయి. చదువుతున్నవాడల్లా ఒక్కసారిగా కాగితం బల్ల మీద పెట్టేసి, రూత్ గారి వైపు తిరిగి అరబిక్‌లోకి మారిపోయారు. సాలెం సాబ్ గొంతు నా హెడ్‌ఫోన్లో ఇంగ్లీషులో అందుకుంది. "రూత్, నీ సంతకం..." అంతే విన్నాను. ఆ తర్వాత ఏం రాబోతోందో డాక్టరు మొహంలో కనిపించింది.

మా ఇల్లు ఉమ్మడి కుటుంబం. తోడికోడళ్లు మాటా మాటా అనుకునేటప్పుడు అనరాని మాట ఒకటి వస్తోందనిపిస్తే మా అమ్మ ఠక్కున ఇత్తడి బిందె కింద పడేసేది. ఆ చప్పుడులో ఆ మాట కలిసిపోయేది. "ఇనకపోతే పాయె, ఏం నష్టం?" అనేది. ఆ బిందె ఎన్నిసార్లు సొట్టలు పోయిందో లెక్కలేదు. ఊళ్లో అందరూ మా అమ్మను మంచి మనిషి అనేవారు. ఆ ఇంట్లో పెరిగిన చేయి ఇది. నేను ఆలోచించానని కూడా చెప్పలేను. ఇంగ్లీషు గొంతు వెళ్లే మీటను కిందికి లాగేశాను.

ఇరవై సెకన్లు ఉంటుందేమో. అద్దం వెనక సాలెం సాబ్‌కు తెలియదు, ఆయన చెప్పాల్సిందంతా చెబుతూనే ఉన్నారు. రూత్ గారి చెవిలో నిశ్శబ్దం. అనువాదం వస్తుందిలే అని ఎదురుచూస్తూ ఆమె కాఫీలో చక్కెర వేసుకుని చెంచాతో కలుపుకుంటున్నారు. డాక్టర్ నబీల్ మాట్లాడటం ముగించి ఆమె వంక చూశారు. ఆమె ఇంకా చక్కెర కలుపుతూనే ఉన్నారు. ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్లిపోయారు.

గదిలో గందరగోళం. ఎవరికి వారు హెడ్‌ఫోన్లు తట్టుకుంటున్నారు. నేను చటుక్కున మీట పైకి తోశాను. "ఛానెల్ పోయింది" అన్నాను. హెర్ క్రామర్ పాపం ఊపిరి పీల్చుకుని, సాంకేతిక లోపం, మన్నించండి, పదిహేను నిమిషాల విరామం అని ప్రకటించేశారు. సాలెం సాబ్ అద్దాల గదిలోంచి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. తెలుగులో, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"మిషిన్ తప్పా, చెయ్యి తప్పా?"

"ఛానెల్..."

"ఛానెల్ తనంతట తనే కిందికి జారి, తనంతట తనే మీదికి ఎక్కదు గద బిడ్డా."

నేను తల దించుకున్నాను. "చెయ్యే సాబ్. ఆమె విని తట్టుకోలేదనే... పొద్దున నాకు పండు పెట్టింది సాబ్."

ఆయన కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. అంతకంటే ఘోరంగా, మొహమంతా పాలిపోయింది. నలభై ఏళ్లుగా ఆ మనిషి సంపాదించుకున్నదల్లా ఒక్కటే: సాలెం నోట్లోంచి వచ్చింది ఎక్కువా కాదు, తక్కువా కాదు అనే నమ్మకం. దాన్ని నేను ఇరవై సెకన్లలో ఊడ్చేశాను.

"పోయి చెప్పు" అన్నారు.

"అందరూ మిషన్ అనుకుంటున్నారు కదా సాబ్. సర్దుకుపోతుందేమో."

"ఆయన సర్దుకుంటడా? బిడ్డ చచ్చిపోయిండని చెప్పిండు. అవుతలామె చక్కెర కలుపుకున్నది. గదంత కండ్లతోని చూసిండు. మిషిన్ అంటే నమ్ముతడా? టాక్సీ పిలుస్తుండు ఆడ. ఆయన పోతే ఆ కాగితం పోతది, కాగితం పోతే పిల్లలు పోతరు."

"మీరు చెప్పండి సాబ్. మీకు అరబిక్ వచ్చు. మీరైతే బాగా చెబుతారు."

"నేను చెప్తే తర్జుమా అయితది. నువ్వు చెప్తేనే తప్పు ఒప్పుకున్నట్టు. లే."

లేచాను. వరండాలో డాక్టర్ నబీల్ కోటు వేసుకుని ఫోన్ చెవిన పెట్టుకుని ఉన్నారు. నేను ఇంగ్లీషులో, తడబడుతూ, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమెకు మీ మాట వినపడలేదు, మిషన్ చెడిపోలేదు, నేనే ఆపాను. సాలెం సాబ్ నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఒక్క మాట సాయం రాలేదు.

డాక్టరు ఫోన్ దించారు. "ఎందుకు?"

"ఆమె మా పెద్దమ్మలా ఉంటుంది. బాధపడుతుందని."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు: "ఆమె చెవికి బాధ కలగకుండా చూసేందుకు ఈ కొండ మీద కూడా ఒక మనిషి ఉందన్నమాట. నా చెవికి ఎవరున్నారమ్మా? ఆ పిల్లాడి తల్లి అరిచినప్పుడు నాకెవరు శబ్దం ఆపారు?"

నేను ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఇప్పుడు ఆయన మీద గౌరవం పెరుగుతోంది గానీ ఆ క్షణాన భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

లోపలికి వెళ్లి రూత్ గారికీ అదే చెప్పాను. పాపం అనుకుని తల నిమురుతారేమో అన్న ఆశ ఒక మూల ఉండకపోలేదు. ఆమె మొహం ఎర్రబడిపోయింది. "నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు? ఈ మోకాళ్లతో విమానమెక్కి నేను ఇంత దూరం వచ్చింది కాఫీ తాగడానికా? అతను నన్నేమంటాడో వినడానికే వచ్చాను. నువ్వు నన్ను అతని ముందు రాతిబొమ్మను చేశావు" అన్నారు. రెండు వైపులా చీవాట్లు తిన్న ఏకైక వ్యక్తిని ఆ మూడు రోజుల్లో నేనే. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరింది.

డాక్టర్ నబీల్ కోటు విప్పకుండానే వచ్చి కూర్చున్నారు. సాలెం సాబ్ అద్దాల గదిలోకి ఎక్కి, నా వంక చూసి, మొదలుపెట్టమన్నట్టు చేయి ఎత్తారు. డాక్టరు మళ్లీ చెప్పారు. ఈసారి గొంతు పెరగలేదు. సాలెం సాబ్ గొంతు కూడా పెరగలేదు.

"రూత్, నీ సంతకం నాకు నా తల్లి చేతిరాతలా తెలుసు. యూసఫ్ అని ఒక పిల్లాడు. ఆరేళ్లు. గుండెలో రంధ్రం. నాలుగుసార్లు రాశాను. నీ సంతకంతో కాగితం వచ్చింది. వచ్చేసరికి వాణ్ణి పూడ్చి నాలుగు రోజులైంది. ఆ కాగితం వాళ్ల అమ్మకు చూపించాలా వద్దా అని ఇప్పటికీ నా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను."

రూత్ గారు హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఆ పేరు నాకు గుర్తు లేదు" అన్నారు. "గుర్తుందని చెబితే అబద్ధం. రోజుకు ఎన్నో కాగితాలు వచ్చేవి. అన్నిటి మీదా నంబర్లే ఉండేవి. ఆ పిల్లాడు నా బల్ల మీద ఎన్ని రోజులున్నాడో నాకే తెలియదు. అదే నేను చెప్పగలిగింది."

క్షమించమని ఆమె అడగలేదు, క్షమించానని ఆయన అనలేదు. మర్నాడు పొద్దున ఫలహారానికి కూడా వేరు వేరు బల్లల దగ్గరే కూర్చున్నారు. కానీ మధ్యాహ్నానికి కాగితం తయారైంది. అందులో మొదటి వాక్యం రూత్ గారు చెప్పింది: ప్రతి కాగితం మీద నంబరుకు ముందు బిడ్డ పేరు, వయసు, ఎన్ని రోజులుగా ఎదురుచూస్తున్నదీ రాయాలి. రెండో వాక్యం డాక్టరుది: అయిదో రోజుకు జవాబు రాకపోతే ఫలానా వాళ్లకు ఫోన్ చేయాలి.

తిరుగు రైల్లో సాలెం సాబ్ కిటికీ పక్కన కూర్చున్నారు. నేను రేపటినుంచి నాకు పని లేదని లెక్కేసుకుంటున్నాను. ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టారు. తను ఈ దేశం వచ్చిన కొత్తలో, ఇక్కడ ఆశ్రయం అడిగిన ఒక పల్లెటూరి అరబ్బు ఆయనకు తర్జుమా చేశారట. ఆ మనిషి తన కథను తప్పులతో, ముందువెనకలుగా, బూతులతో చెప్పాడట. ఈయన జాలిపడి, అధికారులకు నచ్చేలా చక్కగా సర్ది చెప్పారట. తర్వాత ఇంకో అనువాదకుడు అదే కథను ఉన్నదున్నట్టు చెప్పేసరికి రెండూ కలవలేదు, అబద్ధాలకోరని ముద్రపడి ఆ మనిషి వెనక్కి పోవలసి వచ్చిందట.

"మంచిగ చెయ్యాలనే చేసిన. నీలెక్కనే" అన్నారు. "ఆయన పేరు ఇప్పటికీ నా నమాజుల ఉంటది. నువ్వు ఇయ్యాల్ల పోయి చెప్పినవు. నేను గప్పుడు చెప్పలే. నాకంటె నువ్వే నయం బిడ్డా."

హెర్ క్రామర్ నన్ను తర్వాతి రెండు సమావేశాలకు పిలవలేదు. సాలెం సాబ్ నా తరఫున వెళ్లి బతిమాలలేదు కూడా. మూడోదానికి పిలిచారు.

ఆ కాగితం ప్రకారం కొంతకాలం పని జరిగింది. పిల్లలు కొందరు దాటారు, తిరిగొచ్చారు. ఎవరైనా దాటి తిరిగొచ్చినప్పుడు డాక్టర్ నబీల్ సాలెం సాబ్‌కు ఒక్క పేరు మాత్రం పంపేవారు. ఈయన దాన్ని నాకు పంపేవారు. నాకు ఉద్యోగం వచ్చి, ఇక్కడే ఉండి పనిచేసుకునే బ్లూ కార్డు వచ్చి, పెళ్లయి, పాప పుట్టినా ఆ పేర్లు వస్తూనే ఉన్నాయి. ఆపరేషన్ థియేటర్ ఎలా ఉంటుందో తెలియని నేను ఆఫీసు కాంటీన్‌లో ఫోన్ చూసుకుని "అబ్బ, లైలా పోయొచ్చింది" అని సంబరపడేదాన్ని.

తర్వాత యుద్ధం వచ్చింది. ఆ దారీ మూసుకుపోయింది, కొండ మీద సమావేశాలూ ఆగిపోయాయి. ఇక్కడ మా తెలుగు వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. నిన్నటిదాకా ఎవరి పాపకు కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, సీటొచ్చింది, గోంగూర ఎక్కడ దొరుకుతుంది అని రాసుకున్నవాళ్లు, వేలమైళ్ల దూరంలోని చావుల మీద ఒకరినొకరు నానా మాటలు అనుకున్నారు. మన హైదరాబాద్ కుర్రాళ్లు సాలెం సాబ్ దగ్గరకు వెళ్లి "చాచా, అరబ్బు రక్తం ఉండి గమ్మునున్నరేంది?" అని నిలదీశారు. ఇంకొందరు, పేర్లెందుకులెండి, "మీ సాబ్ ఎటు వైపో కాస్త కనుక్కో" అని నన్ను గిల్లారు. ఆయన ఎవరికీ జవాబివ్వలేదు. ఇవ్వలేరు కూడా. అప్పటికే గొంతుకు ఆపరేషన్ అయి మాట పోయింది. ఆ గొంతుకు!

కొలోన్‌లోనే కాల్క్ అనే పేటలో ఆయన ఉండే రెండు గదుల ఇంటికి శనివారాలు వెళ్లేదాన్ని. భార్య అంతకు ముందే పోయింది. కూతురు పాడర్‌బోర్న్ నుంచి వచ్చి వెళ్తుండేది. తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదు కనుక, ఆయన చెప్పాలనుకున్నది నోటుపుస్తకంలో ఇంగ్లీషులో రాసేవారు. ఒక శనివారం నేను తలుపు తీసుకుని వెళ్లేసరికి బల్ల మీద ఫోన్, పక్కన పుస్తకం, ఆయన ఏదో రాసుకుంటున్నారు. డాక్టర్ నబీల్ పంపిన అరబిక్ మాటల రికార్డు. రూత్ గారికి చెప్పమని. అటునుంచి ఇటు నేరుగా ఫోన్ చేసుకునే పరిస్థితి వాళ్లిద్దరికీ లేదు. సాలెం సాబ్ రికార్డును మూడుసార్లు విని ప్రతి మాటా రాశారు. తర్వాత రూత్ గారి నంబరు కలిపి, ఫోన్ నా చేతిలో పెట్టి, పుస్తకం నా ముందుకు తోశారు.

"నేనా?" అన్నాను. ఆయన తన మెడమీది కట్టు చూపించారు.

రూత్ గారు "హలో" అన్నారు. నేను ఎవరో చెప్పి, చదవడం మొదలుపెట్టాను.

"రూత్, నేను నబీల్. బతికే ఉన్నాను. ఇంగ్లీషులో అయితే మర్యాదగా మాట్లాడేస్తాను, అందుకే అరబిక్‌లో చెబుతున్నాను. మా ఆసుపత్రిలో పిల్లల వార్డు ఇప్పుడు లేదు. మనం పంపి, బతికించి తెచ్చిన పిల్లల్లో..."

అక్కడ ఆగిపోయాను. తర్వాతి పంక్తి కనిపిస్తోంది. కొందరు పోయారని చెబితే సరిపోదా అనిపించింది. సాలెం సాబ్ కలంతో ఆ పంక్తి మీద తట్టారు. ఒకసారి, మళ్లీ ఇంకోసారి.

"...ముగ్గురికి నేనే నా చేతులతో గుడ్డ చుట్టాను. లైలా ఉంది అందులో. నాకు మీ వాళ్ల మీద కోపం. నీ మీద కూడా. నువ్వు అయ్యో అంటే వినే ఓపిక నాకు లేదు, అనకు. మీ చెల్లెలుండే ఊరు సరిహద్దు పక్కనేనని చెప్పావు. యుద్ధం మొదలైన రోజున అక్కడ ఏం జరిగిందో విన్నాను. అడగబుద్ధి కావడం లేదు. అయినా అడుగుతున్నాను. ఆమె ఉందా? తొమ్మిది మంది పిల్లల పేర్లు పంపుతున్నాను. ఈజిప్టు అయినా సరే, జోర్డాన్ అయినా సరే, దారి ఎటు తెరుచుకుంటే అటు."

పుస్తకంలో ఏ పంక్తీ దాటలేదని వేలితో మళ్లీ చూసుకున్నాను.

"నువ్వు ఆ రోజు శబ్దం ఆపిన అమ్మాయివే కదూ?" అన్నారు రూత్ గారు.

"అవునండీ."

"ఈసారి ఏమైనా వదిలేశావా?"

"లేదండీ. ఏమీ వదల్లేదు."

"అయితే నేను చెప్పేదీ వదలకు. రాసుకో. నబీల్, నా చెల్లెలు లేదు. ఆ రోజే పోయింది. నాకూ కోపం ఉంది. నీ మీద ఉండకూడదని తెలుసు, అయినా ఉంది. పేర్లు పంపు."

రాసుకున్నాను. సాలెం సాబ్ దాన్ని అరబిక్‌లో రాసి పంపించారు. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు జోర్డాన్ చేరారని వేసవిలో తెలిసింది. మిగిలిన ఏడుగురి సంగతి నాకు తెలియదు. సాలెం సాబ్ కూడా అది తెలియకుండానే కన్నుమూశారు. ఆయన పోయి ఏడాది దాటింది.

మా అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె బిందెలు పడేసింది ప్రేమతోనే. కానీ ఆ చప్పుళ్ల చాటున మా పిన్ని పాతికేళ్లు ఏం చెప్పాలనుకుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదని నాకు ఈ మధ్యే తట్టింది. నేను మారిపోయానని గొప్పలు చెప్పుకోను. ఆఫీసులో ఎవరైనా గొంతు పెంచితే, మా గ్రూపులో ఎవరైనా తన ఇంటి చావు గురించి కోపంగా రాస్తే, నా కూతురు ఏడుస్తూ "నువ్వు నా మాట వినవు" అని నా మీదే అరిస్తే, ఈ చేయి దానంతటదే ముందుకు వస్తుంది, ఆపేద్దామని. వెనక్కి తీసుకుని, చివరిదాకా వింటాను. తీసుకున్న ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.